విలాయతి బట్టీలో ఇరుక్కున్న ముల్లు

పురానాపూల్ దగ్గర పప్పుల టోకు వ్యాపారం చేసే విశ్వేశ్వర్‌కు రెండింటి మీదే నమ్మకం. ఒకటి తన మాట, రెండోది విలాయతి సామాను. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో బొల్లారంలో ఒక ఇంగ్లీషు దొర ఇల్లు ఖాళీ చేస్తూ సామాను వేలం వేస్తే, ఆయన ఒక ఓవెన్ కొని గౌలిపుర ఇంటికి తెచ్చాడు. కిరసనాయిలు స్టవ్ మీద పెట్టే ఇనుప పెట్టె అది. తలుపు మీద గడియారం లాంటి బిళ్ళ, అందులో వేడి చూపే ముల్లు.

ఇక నానఖటాయి బిస్కెట్ల పిండిని వీధి చివరి బట్టీకి పంపడం మానేశారు. ముల్లు ఎప్పుడు చూసినా మూడు వందల యాభై మీదే ఉండేది. స్టవ్ ముట్టించకముందే అంత వేడెక్కినందుకు విశ్వేశ్వర్ మురిసిపోయాడు. ఇంకా ఎక్కితే మాడతాయని మంట సన్నగా పెట్టించేవాడు. నానఖటాయిలు తెల్లగా, మెత్తగా, పచ్చిపిండి వాసనతో బయటికొచ్చేవి.

“ఇంకో జర సేపు ఉంచుదాం. పచ్చిగున్నయ్,” అనేది భార్య విజయలక్ష్మి.

“ముల్లు కంటె నీకెక్కువ తెల్సా? దొరలు గిట్లనే తింటరు.”

దొరలు అలాగే తింటారని తెలిశాక చుట్టాలూ పొగిడారు. బావమరిది అమరనాథ్ ఒకటి నోట్లో వేసుకుని, చాలాసేపు కళ్ళు మూసుకుని, “మస్తున్నది బావా,” అన్నాడు. మిగిలినవి రుమాలులో కట్టుకుపోయి బర్రెకు పెట్టాడని తర్వాత తెలిసింది.

చలికాలం ఒక పొద్దున, ఓరగా తెరిచి ఉన్న ఓవెన్‌లో పిల్లి పడుకుని ఉండడం విజయలక్ష్మి చూసింది. నిన్నటి నుంచి స్టవ్ వెలగలేదు. ముల్లు మాత్రం మూడు వందల యాభై మీదే ఉంది. భర్తను పిలిచింది.

“జర ఇటు చూడుండ్రి. ఇంత వేడిల పిల్లి ఎట్ల పండుకున్నది?”

విశ్వేశ్వర్ పిల్లిని చూశాడు, ముల్లును చూశాడు. ముందు పిల్లినే అనుమానించాడు. చెయ్యి పెట్టి చూస్తే ఇనుము చల్లగా తగిలింది.

పెట్రోమాక్స్ దీపాలు బాగుచేసే రామ్‌చందర్‌ను పిలిపించారు. అతను బిళ్ళను ఊడదీసి, అటూ ఇటూ తిప్పి, “ముల్లు ఏడ నిలవాల్నో చెప్పుండ్రి సేట్, ఆడ నిలబెడ్త,” అన్నాడు.

విశ్వేశ్వర్ ఆలోచనలో పడ్డాడు. నాలుగు వందలైతే ఇంకా గౌరవంగా ఉంటుందేమోననిపించింది. విజయలక్ష్మి అడ్డుపడింది.

“నిలబెట్టుడు కాదన్నా, తిరగాలె. ఎందుకు తిరుగుతలేదో చూడు.”

వెనక మూత తీస్తే, వేడికి సాగి ముల్లును తిప్పే సన్నని రేకు చుట్ట కనిపించింది. ఎన్నేళ్ళ నాటివో, నెయ్యి, చక్కెర గడ్డకట్టి దాన్ని పట్టేశాయి. కిరసనాయిలులో నానబెట్టి కుంచెతో రుద్దేసరికి ముల్లు కదిలి కిందికి జారింది. తర్వాత చుట్టను మరిగే నీళ్ళలో ముంచారు. ఫారెన్‌హీట్ లెక్కన రెండు వందల పన్నెండు దగ్గర నిలవాల్సిన ముల్లు నూట తొంభై దగ్గరే ఆగింది. రామ్‌చందర్ వెనకున్న మరను కొద్దికొద్దిగా తిప్పి సరైన అంకె మీదికి తెచ్చాడు.

ఆ సాయంత్రం స్టవ్ పెద్దగా వెలిగించి, ముల్లు నిజంగా మూడు వందల యాభైకి ఎక్కేదాకా ఆగి, పళ్ళెం లోపల పెట్టారు. నానఖటాయిలు దోరగా కాలి, పైన సన్నగా పగిలాయి. చుట్టాలు వచ్చారు. ఒక్కరూ పొగడలేదు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎవరి నోరూ ఖాళీగా లేదు. విశ్వేశ్వర్‌కు అది అవమానంగా తోచింది.

“ఒక్కలన్న బాగున్నయన్నరా?” అని వాళ్ళు వెళ్ళాక భార్యను అడిగాడు.

“రేపు మళ్ళ వస్తమన్నరు,” అంది విజయలక్ష్మి, చక్కెర డబ్బాలో ఎంత మిగిలిందో చూస్తూ.