నాన్న గ్లౌజుల్లో అమ్మ కథలు

మా చిన్నప్పుడు... నాన్న సెకండ్ షిఫ్ట్‌కి వెళ్లిన సాయంత్రాలు, స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ సెక్టర్ 7లో మా క్వార్టర్ ముందు అమ్మ చాప పరిచేది. వీధిలో పిల్లలంతా వచ్చి కూర్చునేవాళ్లం. బెంగాలీ వాళ్ల అబ్బాయి, ఎదురింటి ఛత్తీస్‌గఢీ అక్కచెల్లెళ్లు, మలయాళీ కవలలు... కొంగు చాటు నుంచి అమ్మ కుడిచెయ్యి మెల్లగా పైకి లేచేది. ఆ చేతికి నాన్న పాత గ్లౌజు!

ప్లాంటులో పట్టాలు తయారుచేసే రైల్ మిల్లులో వాడేసిన గుడ్డ గ్లౌజుల్ని నాన్న ఇంటికి తెచ్చేవారు. అందరిళ్లలో అవి మసిగుడ్డలయ్యేవి. మా అమ్మ మాత్రం వాటిని ఉడకబెట్టి ఉతికి, ఒక్కో వేలికి ఒక్కో మొహం కుట్టేది. బొటనవేలు మీసాల మునసబు. చూపుడువేలు గయ్యాళి అత్త. చిటికెనవేలు తప్పిపోయిన మేకపిల్ల...

కథ శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ గారి ఊళ్లో మొదలయ్యేది. సగం తెలుగు, సగం హిందీ. "అరే మేకపిల్లా, కిధర్ ఎల్లిపోనావే!" అని అత్త అరిస్తే, తెలుగు రాని పిల్లలు కూడా పడీపడీ నవ్వేవారు. ఇళ్లలోంచి అన్నానికి కేకలు వినబడినా ఒక్కరూ కదిలేవారు కాదు.

అన్ని కథలు చెప్పిన అమ్మ, కొన్నేళ్ల క్రితం మాట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది...

అప్పటికి నాన్న రిటైరయ్యారు. అదే ఊళ్లో వాళ్లిద్దరూ రుఆబాంధాలో, నేను నెహ్రూ నగర్‌లో. మొదట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత అడిగిందే అడగడం. ఒకరోజు కూరలకని వెళ్లి, ఇంటిదారి తెలియక రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తుంటే, పళ్లబండి భయ్యా గుర్తుపట్టి తీసుకొచ్చి దింపాడు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి డిమెన్షియా అన్నారు. ఇది మెదడుకి వచ్చే జబ్బనీ, వయసు చాదస్తమో మొండితనమో కాదనీ విడమరిచి చెప్పారు. నాన్న ముందు నమ్మలేదు. నమ్మాక దాచారు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేశారు. ఎవరైనా ఫోన్ చేస్తే "ఆవిడికి ఒంట్లో బాగోనేదు" అని పెట్టేసేవారు.

పొద్దు వాలితే చాలు, అమ్మకి గాభరా. సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడేది.

"ఇంటికి ఎల్లిపోదాం. మాయమ్మ ఎదురు సూస్తాది."

"ఇదేనే మనిల్లు! మీయమ్మ పోయి ఎన్నేళ్లయింది!" అని నాన్న గట్టిగా అనేవారు.

ఆ చావుకబురు అప్పుడే మొదటిసారి విన్నట్టు అమ్మ భోరుమనేది. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే సంచీ, అదే ఏడుపు... నాన్న కూడా పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఒక ఆదివారం కొత్త తెల్ల గ్లౌజులూ, స్కెచ్ పెన్నులూ కొనుక్కెళ్లాను. సూది ఇవ్వడానికి భయం వేసింది. అమ్మ వాటిని చాలాసేపు తిప్పితిప్పి చూసింది. పెన్ను మూత తీయడం తెలియలేదు. తీసిచ్చాను. బొటనవేలి మీద రెండు చుక్కలు పెట్టి, కింద వంకరగా ఒక మీసం గీసింది.

"ఎవరమ్మా ఈయన?" అన్నాను.

"మా ఆయన. కోపం ఎక్కువ."

నాన్న నవ్వబోయి ఆగిపోయారు. తర్వాత ఆ గ్లౌజు తీసుకుని తన చేతికి తొడుక్కున్నారు. జన్మలో ఒక్క కథ చెప్పిన మనిషి కాదు ఆయన! బొటనవేలు వంచి గొంతు మార్చారు.

"ఏటమ్మా, ఎక్కడికి పెయానం?"

"ఇంటికి."

"మీ ఇంటికాడ ఏటేటున్నాయి?"

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బావి, పనసచెట్టు, మేకలు, వాళ్లమ్మ వండే పనసపొట్టు కూర... మాటలు తడబడ్డాయి, కొన్ని తెగిపోయాయి. నాన్న ఓపిగ్గా అడుగుతూనే ఉన్నారు. "అయితే అన్నం తినీసి ఎల్దాం" అంటే "సరే" అంది. సంచీ కింద పెట్టింది.

అమ్మకి నయం కాలేదు. ఆ గ్లౌజుల్ని విసిరికొట్టిన రోజులూ ఉన్నాయి. కానీ నాన్న ఆ తర్వాత ఎప్పుడూ "ఇదే మనిల్లు" అని వాదించలేదు.

కిందటి కార్తీకంలో తెలుగువాళ్ల వనభోజనాలకి అమ్మని తనే తీసుకొచ్చారు. పాత పక్కింటి వరలక్ష్మి పిన్నిని అమ్మ "మీరెవరండీ?" అని మళ్లీమళ్లీ అడిగింది. పిన్ని మొహం చిన్నబోయింది. చుట్టూ ఉన్నవాళ్లు చూపులు తిప్పుకున్నారు. అప్పుడు నాన్న విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డారు.

"మా ఆవిడికి మతి చెదిరిపోయే జబ్బొచ్చిందండీ. పిచ్చి కాదు. ఇన్నాళ్లూ నేనే సిగ్గుపడి దాచీసినాను..."

గ్లౌజు సంగతి, సాయంత్రాల సంగతి, తను అరవడం, అరవడం మానడం... అంతా చెప్పారు. వరలక్ష్మి పిన్ని కళ్లొత్తుకుంటూ, "మా అత్తగారూ ఇలాగేనండి అన్నయ్యగారూ. నలుగురూ నవ్వుతారని బయటికి తేవడం మానీసినాం" అంది.

ఇప్పుడు ఆదివారాలు ఇలాంటి జబ్బున్న పెద్దవాళ్లతో నాలుగైదు కుటుంబాలు మా నాన్న ఇంటికి వస్తున్నాయి. పెద్దవాళ్లు బొమ్మలు గీస్తారు, పాడతారు, పూసలు గుచ్చుతారు. చూసుకునేవాళ్లు ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటారు... తెలుగులో, హిందీలో, ఒక్కోసారి ఏడుస్తూ. కొత్తగా ఎవరైనా వస్తే ముందు నాన్నే మొదలుపెడతారు.

మొన్న అమ్మ నాన్న వైపు చాలాసేపు చూసి, "మీది ఏ ఊరండీ?" అని అడిగింది.

"మీ పక్కూరే."

"అలాగా... అయితే మా మనిషే. ఇలా కూకోండి."

నాన్న వెళ్లి పక్కన కూర్చున్నారు. కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ...

మా చిన్నప్పటి ఆ రోజుల్లో ఒక ఇంటి కష్టం వీధి మొత్తానికి తెలిసేది. ఇప్పుడు తలుపులు వేసుకుని ఎవరిది వాళ్లమే మోస్తున్నాం. మీ ఇంట్లోనూ ఇలా మర్చిపోతున్న ఒక అమ్మో తాతో ఉంటే దాచకండి... ఒకప్పుడు వాళ్లు మిమ్మల్ని నవ్వించిన సంగతి ఒక్కటి ఇక్కడ రాయండి. వచ్చే ఆదివారం నాన్న ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాను.