ఎర్కలేదు అనే జవాబు

మొన్న జగిత్యాలలో ఒక పార్సెల్ కౌంటర్ దగ్గర నిలబడితే లోపల నుంచి డాట్ మాట్రిక్స్ ప్రింటర్ చప్పుడు వినిపించింది. రేకు మీద సూదితో గీసినట్టు ఆ కీచుమోత, ఆ వెంటనే అంచుల్లో చిల్లులున్న కాగితాన్ని పర్రున చింపిన శబ్దం. రసీదు చేతికి వచ్చినా నేను కదల్లేదు. ఆ మోత వింటే నాకు కోరుట్లలో సైకిల్ షాపు మీది గది, చొక్కా చేతులు మడుచుకుని మా కంప్యూటర్ల వెనుక తిరిగే వహీద్ సార్ గుర్తొస్తారు.

ఆయన మాకు ఫాక్స్‌ప్రో నేర్పేవారు. సమాచారాన్ని పట్టికల్లో దాచి, అడిగినప్పుడు తీసిచ్చే ప్రోగ్రాములు రాయడం అప్పట్లో మా వైపు కొత్త విద్య. నేను అప్పటికే హేతువాద సభల్లో మాట్లాడి గొంతు పెంచుకున్నవాణ్ని. ఆయన వేళ తప్పకుండా నమాజు చేసే మనిషి. క్లాసు అయ్యాక టీ తాగుతూ ఆయనతో వాదన పెట్టుకునేవాణ్ని. ఒకసారి నేనేదో బల్ల గుద్ది చెబుతుంటే, “ఎవరు చెప్పిండ్రు నీకు?” అన్నారు. “ఒకరు చెప్పుడేంది సార్, అందరికీ తెలిసిందే గద” అన్నాను. “గా అందరిల నేను లేను భై. నాకైతే ఎర్కలేదు” అని నవ్వుతూ గ్లాసు కింద పెట్టారు. నాకు ఒళ్లు మండింది. తెలియదనడం అంటే ఓడిపోవడమే అనుకునే వయసది.

ఆ రోజుల్లో తెలియదనడం ప్రమాదం కూడా. పోలీసులు వచ్చినా, అడవిలోంచి నక్సలైట్ అన్నలు వచ్చినా అడిగేది ఒక్కటే: మా దిక్కా, వాళ్ల దిక్కా? మూడో జవాబుకు చోటు లేదు.

అప్పుడే సిరిసిల్లలో ఒక నేత సంఘం తన సభ్యుల వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించే పని సార్‌కు ఇచ్చింది. నన్ను తోడు తీసుకెళ్లారు. చనిపోయిన సభ్యుల నూలు కోటా రద్దు చేయాలని సంఘం సెక్రటరీ పట్టుదల. అందుకని పట్టికలో సభ్యుడు బతికి ఉన్నాడా అనే అరను సార్ అవును, కాదు అనే రకంలో పెట్టారు. వివరం దొరకని చోట ఖాళీగా వదిలేశాం. ఆ రకం అరకు ఖాళీ అంటూ లేదు. ఏమీ రాయకపోతే కంప్యూటర్ దాన్ని ‘కాదు’ అనుకుంటుంది. రద్దయిన పేర్లు అచ్చయి గోడకెక్కాక, అందులో తన భర్త పేరుందని తెలిసి రాజవ్వ అనే ఆమె వచ్చింది.

ఆమె భర్త మల్లేశం మల్యాల పోయొస్తానని బస్సెక్కి తిరిగి రాలేదు. అన్నల్లో కలిశాడని కొందరు, పోలీసులు పట్టుకుపోయారని కొందరు అనేవాళ్లు. ఆమె అతని మగ్గం మీద, అతని పేరున వచ్చే నూలుతోనే నేస్తూ పిల్లలను సాకుతోంది.

“నా పెనిమిటి సచ్చిండని ఎవరు రాసిండ్రు?” అంది గుమ్మంలోనే.

“కంప్యూటర్ రాసింది” అన్నాడు సెక్రటరీ. “పోనీ ఉన్నడని రాద్దామా? రేపు పోలీసులొచ్చి యాడున్నడో చూపియ్యమంటే చూపిస్తవా?”

“నాకెర్కలేదు.”

“ఉన్నడా, లేడా? రెండిట్ల ఒకటి చెప్పవమ్మా.”

“ఎర్కలేదంటున్న గద. తెల్వనిది ఎట్ల చెప్త?”

వహీద్ సార్ కుర్చీలోంచి లేచారు. “ఆమె జవాబు సక్కగనే ఉంది. నేను పెట్టిన సవాలే గలత్, అడిగిన ప్రశ్ననే తప్పు” అన్నారు.

ఆ పూటే పాత అర తీసేసి, ఒక ఇంగ్లిష్ అక్షరం పట్టే అర పెట్టారు. ఉన్నరు అంటే యు. లేరు అంటే ఎల్. ఎర్కలేదు అంటే ఇ. దాన్ని ఖాళీగా వదిలితే ప్రోగ్రాము ముందుకు కదలదు. ఎల్ ఉన్న పేర్లకే రద్దు. “పోలీసులు అడిగితే?” అని సెక్రటరీ గొణిగాడు. “గిదే చూపియ్యి. తిట్లు నేను తింట” అన్నారు సార్.

కొత్త కాగితం అచ్చయింది. రాజవ్వ నూలు ఆమెకే ఉంది. భర్త పేరు ఎదురుగా ఉన్న అక్షరం మీద ఆమె వేలు పెట్టింది. “గిది మా ఆయన గురించేనా?”

“కాదక్కా. గిది మా గురించి. మాకు ఎర్కలేదని రాసుకున్నం” అన్నారు సార్.

ఆమె ఆ అక్షరం మీంచి వేలు తీసి, నూలు మూట భుజానికెత్తుకుని వెళ్లిపోయింది.

పోలీసులు నిజంగానే వచ్చారు. సార్‌ను సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. “మిషన్ ఎర్కలేదంటది, నువ్వు గూడ గదే అంటవ్” అన్నాడట ఎస్సై. “మిషన్‌కు నేర్పింది నేనే సార్” అన్నారట ఈయన. మల్లేశం మాత్రం రాలేదు. ఆ అక్షరాన్ని మార్చే అవసరం ఎవరికీ పడలేదు.

తెలియని చోటల్లా దేవుణ్ని నింపేవాళ్లతో నేను జీవితమంతా కొట్లాడాను. అనుమానాన్ని నింపేవాళ్లూ, పుకారును నింపేవాళ్లూ, చివరికి సున్నాను నింపేవాళ్లూ అదే పని చేస్తున్నారని నాకు ఏ సభా నేర్పలేదు. నమాజుకు వేళవుతోందని గడియారం చూసుకునే ఆ మనిషి నేర్పాడు. ఇప్పుడు మా ఆఫీసులో కుర్రవాళ్లు లెక్క ఆగకూడదని ఖాళీ అరల్లో సున్నాలు నింపుతుంటారు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. “ఎవరు చెప్పిండ్రు నీకు?” అని అడుగుతాను. ఎవరూ చెప్పలేదని ఒప్పుకుంటారు.

“అయితే గదే రాయి” అంటాను.