ఆ చిక్కుడుకాయలు వండింది నేనే

నిరుడు మా ఊళ్లో నా గురించి ఒక మంచిమాట పుట్టింది. పెళ్లాం మీద పడ్డ నిందను తన నెత్తిన వేసుకున్నాడట, ఈ కాలంలో అలాంటి మగవాళ్లు ఎంతమంది ఉంటారు అని. సారపాకలో నేనుండే కాలనీ దాకా వచ్చిందా మాట. మా ఊరి నుంచి కాగితం మిల్లు పనికి వచ్చే ఒకాయన టీకొట్టు దగ్గర పదిమందికి నన్ను చూపించి చెబితే, వాళ్లు జరిగి నాకు బల్ల మీద చోటిచ్చారు.

ఆ మాట అబద్ధం. నేను ఎవరి నిందనూ మోయలేదు. నా నిందను ఇంకొకరి చేత మోయించాను, పందొమ్మిదేళ్లు. ఇది రాస్తున్నది అందుకే. చదివాక నన్ను ఎవరైనా మంచివాడంటే అది వాళ్ల తప్పు, నాది కాదు.

మా ఊరు భద్రాచలం నుంచి బస్సు దిగాక అడవిలోకి ఇంకో గంట నడక. ఇప్పుడు ఆటోలు పోతున్నాయి. మా వాళ్లు ఏ పంటనూ వచ్చీ రాగానే తినరు. చిక్కుడైనా, మామిడికాయైనా, ముందు ఊరంతా కలిసి దేవత ముందు పెట్టి, కొత్త కుండలో వండి, ఒకేరోజు తినాలి. దాన్ని కొత్త అంటాం. చిక్కుడు కొత్త పుష్యమాసంలో వస్తుంది. ఏ ఊరి కొత్త ఆ ఊరిదే, ఆ ఊరి పూజారి చెప్పిన రోజే. పక్క ఊళ్లో అయిపోయి ఉండవచ్చు, మన ఊళ్లో ఇంకా వారం ఉండవచ్చు. అప్పటిదాకా దడి మీద కాయలు గుత్తులుగా వేలాడుతున్నా చెయ్యి పెట్టకూడదు.

ఈ పద్ధతిని నేను తప్పు పట్టను. అందరూ ఒకేరోజు తింటే ఉన్నవాడూ లేనివాడూ ఆ ఒక్కరోజైనా ఒకే కూర తింటారు. నా చిక్కంతా నా నాలుకతోనే. నాకు లేత చిక్కుడు కావాలి. గింజ ఇంకా పట్టని, వేళ్ల మధ్య పెట్టి వంచితే టప్పున విరిగే కాయ. దానికి ఈనె తియ్యనక్కర్లేదు, తొడిమ గిల్లితే చాలు. కొత్త నాటికి ఆ తొలికాయ ముదిరిపోతుంది. కొత్త కుండలోకి పోవాల్సిందేమో ఆ తొలికాయే. నమిలితే పళ్ల సందుల్లో నార మిగులుతుంది. ఆ తర్వాత లేతకాయ వస్తుంది కదా అంటారు. వస్తుంది, పేను పట్టి వస్తుంది. ముదురు గింజ రుచే వేరని మా అన్న అంటాడు. ఆయన తినవచ్చు. ఈ విషయంలో నేను ఎవరికీ తల వంచను. చిక్కుడంటే లేత చిక్కుడే.

మా పెళ్లయిన మరుసటి ఏడాది. అప్పట్లో ఊళ్లోనే ఉండి, మిల్లులో లారీల నుంచి వెదురు దించే పనికి పోయి వచ్చేవాణ్ణి. అన్న ఇల్లు, మా ఇల్లు ఒకే వాకిట్లో. నా భార్య పుట్టింట్లో చిక్కుడు కొత్త మాకంటే ముందు అయింది. పండుగకు పోయిన ఆమెను తీసుకురావడానికి నేను వెళ్లాను. వచ్చేటప్పుడు మా అత్త ఒక పాతగుడ్డలో చిక్కుడుకాయలు మూటగట్టి నా చేతికిచ్చింది. నా ఇష్టం ఆమెకు తెలుసు, పాదు చివరకు పోయి లేతవే ఏరి తెచ్చింది. మీ ఊళ్లో కొత్త అయ్యాకే వండుకోవాలని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ అట్లాగే అన్నాను.

మా కొత్తకు ఇంకా ఆరు రోజులుంది. మూటలో కాయ ఆరు రోజులు లేతగా ఉండదు. మర్నాడు నాకు డ్యూటీ లేదు. అన్నావదినలు చేనుకు పోయారు. మధ్యాహ్నం మూట విప్పి నా భార్య ముందు పెట్టాను. ఆమె వాటివైపు చూడనైనా లేదు.

“కొత్త గాకముందు నేను ముట్ట. మా అమ్మ ఏం జెప్పింది, నువ్వేమన్నవ్?”

“మీ ఊళ్లె అయిపోయింది గదా. ఆ పాదుదే గదా ఈ కాయ. కాయకు ఊరు తెలుస్తదా?”

“కాయకు తెల్వదు. నీకు తెల్సు గదా” అని, బిందె తీసుకుని బోరింగు దగ్గరకు వెళ్లిపోయింది. నేను తినడం అయిపోయేదాకా తిరిగి రాలేదు. అందుకే మళ్లీ చెబుతున్నాను: ఆమె వండలేదు, తినలేదు, ముట్టలేదు.

వండింది నేను. మా ఇళ్లలో మగవాడు వేటమాంసం కాలుస్తాడు, పండుగనాడు కోడిని కోస్తాడు, కూర మాత్రం వండడు. నాకూ రాదు. చట్టి పొయ్యి మీద పెట్టి నూనె ఎక్కువ పోశాను. కత్తిపీట జోలికి పోకుండా కాయలు చేత్తోనే విరిచాను. పచ్చిమిరపకాయలు నాలుగు తుంచి వేశాను. ఉప్పు ఒకసారి వేసి, వేసిన సంగతి మరిచిపోయి ఇంకోసారి వేశాను. అప్పుడు తట్టింది, ఉడుకుతున్న చిక్కుడు వాసన పక్కింటికి పోతుందని. ఆ వాసనను మింగేసేది మా వైపు ఒక్కటే, ఎండు రొయ్యలు. వేశాను. అవి అడుగంటి మాడాయి. ఆ మాడు వాసనలో ఇంకే వాసనా మిగల్లేదు. వేడి జొన్న గటకలో కలుపుకుని, చట్టి ఊడ్చుకుని తిన్నాను.

ఇక్కడ నేను తలదించుకుని, ఆ కూర గొంతు దిగలేదని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. కానీ అది దిగింది. ఉప్పెక్కువై, మాడి, అయినా అంత రుచిగా ఉన్న చిక్కుడుకూర నేను మళ్లీ తినలేదు.

రెండు రోజులకు అన్న జీలుగు చెట్టు మీంచి పడ్డాడు. కల్లు దించడానికి ఒంటి వెదురు నిచ్చెన మీద ఎక్కుతారు, అది జారింది. తుంటి విరిగింది. భద్రాచలం దవాఖానాలో చాలా రోజులున్నాడు. నేటికీ కుడికాలు ఈడ్చే నడుస్తాడు.

ఆయన్ని దవాఖానాకు తీసుకుపోయిన మర్నాడు, బట్టల కోసం ఇంటికి వచ్చిన వదినకు మా ఇంటి వెనక బూడిదకుప్పలో చిక్కుడు తొడిమలు కనిపించాయి. గుప్పిట్లో పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పటికే నలుగురు పోగై ఉన్నారు. ఊళ్లో ఏ పాదు మీదా కాయ తెగలేదు, పుట్టింటి నుంచి కొత్తగా వచ్చింది నా భార్యే. వదిన ఆమెను ఏమీ అడగలేదు, నన్నే అడిగింది.

నా భార్య నావైపు చూసింది.

“నాకేం తెల్సు, నేను డ్యూటీకి పోయిన” అన్నాను.

నేను చేసిన తప్పు ఆ ఒక్క మాటే. చిక్కుడుకాయ తింటే అన్న చెట్టు మీంచి పడతాడని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ నమ్మేవాళ్ల మధ్య ఆమెను ఒంటరిగా నిలబెట్టాను. తిన్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆ మాటకు ఉంది.

ఆనాటి నుంచి ప్రతి చిక్కుడు కొత్తకూ ఆమె చోటు కుండ పొయ్యి చుట్టూ కట్టే దడికి అవతల. కొత్త కుండలో ఇంటింటి కోడలూ ఒక గుప్పెడు కాయ వెయ్యాలి. ఆమెను వెయ్యనివ్వలేదు. ఎవరూ తిట్టేవారు కాదు, పనులన్నీ చేయించుకునేవారు, కుండ దగ్గరకు మాత్రం రానిచ్చేవారు కాదు. విస్తరాకులో కూర పెట్టి దడి మీంచి అందిస్తే తీసుకుని పక్కవాళ్ల పిల్లలకు పెట్టేది. మేం సారపాకకు మారాక మా ఇంట్లో చిక్కుడు వండటమే మానేసింది. నేను సంత నుంచి తెస్తే ఎదురింటివాళ్లకు ఇచ్చేసేది.

ఎందుకు నోరు విప్పలేదని ఒకసారి అడిగాను.

“నువ్వే చెప్తవని చూసిన. ఒకరోజు, రెండ్రోజులు. తర్వాత నాకే సిగ్గయింది, గిసొంటోన్ని చేసుకున్ననని నలుగుట్ల చెప్పుకోనీకి” అంది. అన్నం వడ్డిస్తూనే అంది, వడ్డించడం ఆపలేదు.

నిరుడు అన్న కొడుక్కి పెళ్లయింది. కొత్తకోడలికి అది మొదటి చిక్కుడు కొత్త. వదిన ఆ పిల్లను కుండ దగ్గర కూర్చోబెట్టి, ఏ పనికి ముందు ఏది చెయ్యాలో చెబుతూ, దడి అవతలున్న నా భార్యను చూపించింది. “గట్ల జేస్తే గట్లయితది. మీ మామ కాలు సూస్తున్నవ్ గదా” అంది. ఆ పిల్ల తలెత్తి నా భార్యను చూసిన చూపు నేను చూశాను. పద్దెనిమిదేళ్ల నింద ఇంకో తరానికి అందుతోంది, నేను అక్కడే నిలబడి ఉన్నాను.

తిన్నది నేను, వండింది నేను అని గట్టిగా అన్నాను. అందరూ నవ్వారు. మగోడు చిక్కుడుకాయ వండిండంట అని ఒక ముసలమ్మ పడీపడీ నవ్వింది. అన్న నా భుజం తట్టి, పెండ్లాన్ని కాపాడుకుంటున్నవ్, మంచిదే తమ్మీ అన్నాడు. నేను మంచివాణ్ణయ్యాను. ఆమె దడి అవతలే ఉంది.

వాళ్లు నమ్మకపోవడంలో నా పాలు కూడా ఉంది. ఒప్పుకునేటప్పుడు కూడా ఒక గుప్పెడు దాచుకున్నాను. ఆ ఎండు రొయ్యలు మా ఇంట్లోవి కావు. వదిన ఇంట్లో ఉట్టి మీంచి తీశాను. తప్పు చేశానని చెప్పగలిగాను, దొంగతనం చేశానని చెప్పలేకపోయాను. మనిషి సిగ్గుకు లెక్కాపత్రం ఉండదు.

ఈ ఏడు కొత్తకు ఒక కోడిపుంజును, కొత్త కుండను పట్టుకుని వెళ్లాను. కొత్త తప్పినవాడు కట్టాల్సిన తప్పు అదే. పూజారి వరసకు నాకు చిన్నాన్న, కాక అని పిలుస్తాను. కుండ ఆయన ముందు పెట్టి తప్పు కట్టించుకోమన్నాను. ఆయన నవ్వి, నిరుడే అయిపోయింది గదా ఆ ముచ్చట, ఇంకెందుకు తోడుతవ్ అన్నాడు. పోనీలే అని నలుగురూ అన్నారు. పోనివ్వనన్నాను. నా భార్య ఆ దడి లోపలికి రాకపోతే ఈసారి కుండ పొయ్యి ఎక్కనివ్వనని పొయ్యిరాళ్ల ముందు కూర్చున్నాను. వాళ్లకు కోపం వచ్చింది. రావాలనే కూర్చున్నాను.

“నువ్వు వండినవనేదానికి సాక్ష్యమేంది?” అన్నాడు కాక.

నేను వదినవైపు తిరిగాను. “వదినా, అన్న పడ్డ వారంలో నీ ఉట్టి మీద ఎండు రొయ్యలు పోయినయా లేదా?”

వదిన చేతిలో గరిటె ఆగింది. “అవ్. పిల్లి తిన్నది.”

“నేను తీసిన. గుప్పెడు తీసి, మూట మళ్ల గట్టిన. నాది ఎడమచెయ్యి గదా, ముడి తిరగబడ్డది. సూస్తివా?”

ఆమె అప్పట్లో ఆ ముడి చూసింది. ఆమె మొహంలో తెలిసింది నాకు. ముడి వేసే పిల్లి ఉండదు. పందొమ్మిదేళ్లలో ఆ సంగతి ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు, తట్టాల్సిన అవసరం ఎవరికి వచ్చింది కనుక.

“అయితే ఆ పిల్లి?” అంది చివరికి. “సంచిల ఏసి వాగవతల ఇడ్సిపెట్టొస్తిని గదా.”

ఎవరో ఫక్కున నవ్వారు గానీ వదిన నవ్వలేదు. అన్న కాలు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపు నన్నే చూశాడు. ఆయన నమ్మకం ప్రకారం ఆయన కాలు విరిచింది నేను. తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికే వచ్చాను.

“అన్నీ నువ్వే తింటివారా? నాకొక్కటన్న పెట్టకపోతివి” అన్నాడు. అని మొహం అటు తిప్పుకున్నాడు. ఆ మాట పరాచికమో కాదో నాకింకా తెలియదు.

కాక కోడిని తీసుకున్నాడు. వచ్చే కొత్తదాకా నేను చిక్కుడు ముట్టకూడదని, ఈరోజు నా చోటు దడి అవతల అని చెప్పాడు. లేచి వెళ్లాను. నేను దాటుతున్నప్పుడు వదిన నా పక్క నుంచి దడి దాకా వచ్చి, నా భార్యను చూడకుండా, నేలను చూస్తూ, “రా పిల్లా, జల్దీ రా, నీళ్లు మరుగుతున్నయ్” అంది. తప్పయింది అని అనలేదు. నా భార్య వెంటనే కదల్లేదు. కొంగు నడుముకు చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. తర్వాత లోపలికి పోయి, కాయల గంపలో చెయ్యి పెట్టి, ఒక గుప్పెడు కుండలో వేసింది. కొత్తకోడలు జరిగి పక్కన చోటిచ్చింది.

వంటయ్యాక విస్తరాకు పట్టుకుని దడి దగ్గరకు వచ్చింది. నాకు పెట్టడానికి కాదు. నా ఎదురుగా నిలబడి తినడం మొదలుపెట్టింది. ఒక ముద్ద, రెండు ముద్దలు. మూడో ముద్దకు నమలడం ఆపి, రెండు వేళ్లతో నోట్లోంచి పొడవాటి నార లాగింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

“లేతయే బాగుంటయ్” అంది.

ఆ నారను దడి మీద వేసి, మళ్లీ తినసాగింది. ఆకు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి తిన్నది. నాకు మెతుకు మిగల్చలేదు.