హీబ్రూ పుస్తకం అంచున మా అమ్మ మాట

మా ఇంట్లో ఒకటే చట్టం: ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. మా అమ్మ అలాగే చెప్పింది, నేనూ అంతే. కానీ దేశం దాటి జాన్సన్‌విల్ వచ్చాక మా ఏడేళ్ల పిల్ల ఊఁ కొట్టడం మానేసింది. సింహం, ఎద్దు, రెండు నక్కల కథ మొదలుపెడితే గోడవైపు తిరిగి పడుకునేది. ఇంగ్లీషులో చెప్పమంది. చచ్చినా చెప్పనన్నాను. మొండిదాన్నే, ఒప్పుకుంటాను. దానికిక తెలుగు రాదేమోనని మాత్రం గుండె పీచుపీచుమనేది.

ఇంటర్నెట్ ఇంకా ఫోన్ తీగ మీదే వచ్చే రోజులవి. ఓ శనివారం ఆరేసిన బట్టలు గాలికి పక్కింటి పెరట్లో పడితే తెచ్చుకుందామని వెళ్లాను. పక్కింటాయన రిటైరైన యూదు మాస్టారు, మాకు అంకుల్. హీబ్రూ పుస్తకం చూస్తూ, ఆడుకోవడానికి వెళ్లిన మా పిల్లకి ఇంగ్లీషులో కథ చెబుతున్నారు. వింటే ఏముంది, అదే సింహం, అదే ఎద్దు, అవే నక్కలు! ఒళ్లు మండింది. మా అమ్మ కథ మీ పుస్తకంలోకెలా వచ్చిందని మొహం మీదే అడిగేశాను.

ఆయన నొచ్చుకోలేదు. ముందుమాట తీసి వివరించారు. కథలు మన దేశంలోనే పుట్టాయట. పారశీకం మీదుగా అరబ్బీలోకి, అక్కణ్ణుంచి హీబ్రూలోకి వెళ్లాయట. మధ్యయుగాల్లోనే ఇద్దరు విడివిడిగా వాటిని హీబ్రూలోకి తెచ్చారట, ఒకరు సాదాగా, ఇంకొకరు ప్రాసలతో. ఆ సాదా హీబ్రూ నుంచే లాటిన్‌లోకి వెళ్లి యూరప్ అంతా పాకాయట. నా కోపం ఎటు పోయిందో! గర్వంతో ఉబ్బిపోయాను.

మీ ఇంట్లో ఎలా చెబుతారని ఆయన అడిగారు. నేను గొంతు సవరించుకునేలోగా పిల్ల నా కొంగు లాగింది.

"మమ్మీ, నేను చెప్తా. తెలుగులోనే."

ఊఁ అనకపోతే కథ ముందుకెళ్లదని ఆయనకు ఇంగ్లీషులో గట్టిగా చెప్పి, అనగనగా అంటూ అందుకుంది. ఒక్క తెలుగు ముక్క రాని మనిషి బుద్ధిగా ఊఁ కొట్టారు. రోజూ గోడవైపు తిరిగి పడుకునే పిల్ల ఒక్క మాటా వదల్లేదు. ఎద్దు రంకెకి సింహం "అమ్మో, నా తోక!" అని నీళ్లు తాగకుండానే పారిపోయిందని కూడా చెప్పింది.

ఆ తోక మాట మా అమ్మ సొంతం. అర్థం అడిగి తెలుసుకుని, అది హీబ్రూలో లేదంటూ ఆయన పెన్సిల్‌తో పుస్తకం అంచున కుడి నుంచి ఎడమకు రాసుకోసాగారు. రాతలో పడి ఊఁ మరిచిపోయారు. పిల్ల టక్కున కథ ఆపేసింది.

"ఊఁ," అన్నాను నేను.