ఇదా-అదా బావ

మా బావను కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకాల అందరూ ఇదా-అదా అంటారు. అక్కడ ఆయన పని చూపు పరీక్షించడం. మనిషిని చీకటి గదిలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము తగిలించి, ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, "ఇదా, అదా? ఏది బాగుంది?" అని అడుగుతాడు. పదిహేడేళ్ళుగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే ప్రశ్న. జవాబులు చెప్పీ చెప్పీ విసిగిపోయినవాళ్ళు చివరికి "రెండోదే బాగుందండీ" అనేసి లేస్తారు. అది తన ప్రతిభ అనుకుని ఆయన తలాడిస్తూ రాసుకుంటాడు.

అలాంటి మనిషికి మా అక్కను ఎలా ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క పన్నెండేళ్ళు సిటీ బస్సు నడిపింది. కూరగాయల మార్కెట్ పక్క సందులో మగ డ్రైవర్లు మూడుసార్లు వెనక్కీ ముందుకీ కోసే మలుపును ఒక్క తిప్పులో తిప్పేది. రెండేళ్ళ కిందట ఎడమ కంటి లోపలి పొర ఊడిపోయింది. ఆపరేషన్ చేశారు గానీ చూపు రాలేదు. ఒంటికంటికి దూరాలు అందవని డిపో వాళ్ళు ఆమెను స్టీరింగు ముందు నుంచి లేపి, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. పొద్దస్తమానం గొడుగులకూ టిఫిన్ డబ్బాలకూ చీటీలు కడుతుంది.

ఆ గదిలోకి వచ్చిపోయే మెకానిక్ ఒకతను కంప్యూటర్లో ఆడే బస్సు ఆట గురించి చెప్పి, తన దగ్గర వాడకుండా పడున్న ఆట స్టీరింగూ పెడళ్ళూ తెచ్చి ఇచ్చాడు. తెర మీద లోతు రెండు కళ్ళున్నవాడికీ ఉండదు. అక్కడ అక్క ఎవరికీ తీసిపోదు. సాయంత్రం ఓ గంట బస్సు నడిపితే ఆమె మొహంలో కళ వచ్చేది. ఒక్కటే చిక్కు. ఇంట్లో కంప్యూటర్ పాతది, మలుపు దగ్గర బొమ్మ ఆగి ఆగి గెంతేది. ఆ మలుపొక్కటి సాఫీగా తిరిగితే చాలు, ఇంకేమీ వద్దంది అక్క.

దానికి ఆట బొమ్మల్ని గబగబా గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేయాలి. ఆ పని మా బావ నెత్తిన వేసుకున్నాడు. అంతే, అయిపోయింది.

సెకండ్ హ్యాండ్ దుకాణంలో రెండు కార్డులున్నాయి. రెండూ పాతవే, రెండూ మధ్యరకమే. ఒకదానికి మెమరీ ఆరు జీబీ, కాస్త కొత్తది, చల్లగా ఉంటుంది. రెండోదానికి ఎనిమిది జీబీ, ఇంకొంచెం పాతది, వేడెక్కుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. మా బావ నోటుబుక్కు కొన్నాడు, నిలువు గీతలు కొట్టాడు. ఫలానా ఆటలో సెకనుకు ఆరుది యాభై ఏడు బొమ్మలు గీస్తే ఎనిమిదిది అరవై ఒకటి గీస్తుంది, ఇంకో ఆటలో తిరగబడుతుంది. ఆ ఆటలు అక్క ఆడదు, ఆయనా ఆడడు, ఆ వీధిలో ఎవరూ ఆడరు. అయినా వీడియోలు చూస్తాడు, రాస్తాడు, కొట్టేస్తాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతూ పదకొండు నెలలు గడిపాడు.

నేను జిరాక్సు మిషన్లు బాగుచేస్తాను. బస్సు ఆటకు ఈ రెండిట్లో ఏదైనా ఎక్కువే, కళ్ళు మూసుకుని ఒకటి తెచ్చి పారేయమన్నాను. ఆయన నోటుబుక్కు మూసి, జిరాక్సులు తీసేవాళ్ళకు ఇవి అర్థం కావులే అన్నాడు. జిరాక్సులు తీసేవాణ్ణట! నాకు ఒళ్ళు మండింది. ఆ గుమ్మం మళ్ళీ తొక్కనని లేచి వచ్చేశాను. నాలుగు నెలలు తొక్కలేదు కూడా.

ఈలోగా ఆయన ఆలోచిస్తూ ఉండగానే ఆరుని ఎవరో కొనుక్కుపోయారు. మిగిలింది ఎనిమిది. చచ్చినట్టు అది తెచ్చుకుని, అన్నీ బేరీజు వేసి ఎంచానని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. నేను విని నవ్వుకున్నాను. పోనీలే, అక్క మలుపు తిరిగింది కదా అనుకున్నాను.

ఆరు వారాలు పోయాక ఒక మధ్యాహ్నం అక్క డిపో నుంచి ఫోన్ చేసింది. గురువారం తనతో కంటాసుపత్రికి రావాలంది. బావకు చెప్పొద్దంది.

"ఆ కార్డు పెట్టుకున్నవాళ్ళందరికీ ఆట సాఫీగానే ఉందటరా. నాకే ముందులాగా గెంతుతోంది. ఆటలో ఏం లేదు, నా కంట్లోనే ఉంది. ఈ కన్నూ పోతోంది."

బావకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే ఏ డాక్టరు మంచిదో తేల్చడానికి ఇంకో పదకొండు నెలలు తీసుకుంటారు."

అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కార్డు బిగించిన రోజు ఆయన అలవాటు కొద్దీ ముందు బాగుందా, ఇప్పుడు బాగుందా అని అడిగాడట. భయపడి ఇప్పుడే బాగుందని చెప్పేసిందట. అప్పటి నుంచి గొడుగులకు చీటీలు కళ్ళు మూసుకుని కట్టడం నేర్చుకుంటోందట.

రోషం గట్టున పెట్టి ఆ సాయంత్రమే వెళ్ళాను. బావ తలుపు తీసి, ఏమోయ్ చివరికి చూడ్డానికి వచ్చావా అన్నాడు. కంప్యూటర్ పెట్టె పక్క మూత తీసి మరీ చూపించాడు. కార్డు మీది రెండు ఫ్యాన్లూ జోరుగా తిరుగుతున్నాయి. నేను బల్ల వెనక్కి వంగి చూశాను.

తెర నుంచి వచ్చే వైరు పాత రంధ్రంలోనే ఉంది. కార్డు రాకముందు ఎక్కడ గుచ్చి ఉందో అక్కడే. కొత్త కార్డు రంధ్రాలకు రబ్బరు మూతలు కూడా తీయలేదు. ఆరు వారాలుగా ఆ ఎనిమిది జీబీల మహారాజు ఊరికే కూర్చుని గాలి విసురుకుంటున్నాడు, బొమ్మలన్నీ పాత కంప్యూటరే ఈడుస్తోంది. పదకొండు నెలల ఏనుగు వెళ్ళిపోయి, జానెడు తోక దగ్గర చిక్కింది.

కంప్యూటర్ ఆపి, రబ్బరు మూత పీకి, వైరు కార్డుకు గుచ్చి, మళ్ళీ వెలిగించి అక్కను కూర్చోమన్నాను. ఆమె వద్దు వద్దంటూనే కూర్చుంది. బస్సు మలుపు దగ్గరకొచ్చింది. స్టీరింగు తిప్పింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. అక్క నడిరోడ్డు మీద బ్రేకు వేసింది. మళ్ళీ పాతదానికే గుచ్చి చూపించమంది. గుచ్చాను, గెంతింది. మార్చాను, తిరిగింది.

"ఇదా అక్కా, అదా?"

"ఇది," అంది. ఒక కంట్లో చూపు లేదు గానీ నీళ్ళు రెండు కళ్ళ నుంచీ కారాయి.

ఆ ఆరు వారాల్లో నా వాటా ఎంతో నాకు తెలుసు. నేను పౌరుషానికి పోకుండా మొదటి రోజే వచ్చి ఉంటే రెండు నిమిషాల పని. ఇద్దరం మగాళ్ళం, ఒకడు నోటుబుక్కుతో, ఒకడు కోపంతో, ఆమెను భయంలో వదిలేశాం.

అక్క తిరిగి చూడకుండానే బావతో మాట్లాడింది.

"నా కన్ను పోతోందనుకుని ఆరు వారాలు మీ పక్కనే పడుకున్నానండీ. ఊరందరి కళ్ళూ చూస్తారు. నీకు సరిగ్గా కనిపిస్తోందా అని నన్నొక్కసారి అడగలేకపోయారా?"

ఈసారైనా సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన తెరకు అడ్డంగా వచ్చి నిలబడి, వంగి, ఆ మలుపును కాసేపు పరీక్షగా చూశాడు.

"అంటే ఎనిమిదిని ఎంచడమే మంచిదైందన్నమాట," అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుని గేరు వేసింది.

"అడ్డం లేవండి. బండి తీస్తున్నాను."