ఆడినవాళ్ళందరి పేర్లూ

బాబాయి పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. చేసింది ఆయన క్లినిక్‌లో రిసెప్షన్ చూసే ఆవిడ. పేషెంట్లు వచ్చి కూర్చున్నా డాక్టర్ రాలేదని, అలా ఎప్పుడూ జరగలేదు కనుక ఇంటికి వెళ్ళి చూశామని చెప్పింది. నిద్రలోనే వెళ్ళిపోయాడట. నేను ఎక్కవలసిన రైలు వచ్చి వెళ్ళిపోయింది.

ఆయన మా నాన్న తమ్ముడు. అయోవాలో, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళకు పైగా పళ్ళ డాక్టరు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళంటే ఆయనా, మా పిన్నీ. పిల్లలు లేరు. పిన్ని పోయిన తర్వాత, ఆఫీస్‌కి రానక్కర్లేదని మా కంపెనీ చెప్పిన రోజుల్లో, నేను లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి ఏడాదిన్నర ఆయన ఇంట్లోనే ఉన్నాను. ఆయనకు తోడుగా వెళుతున్నానని అందరికీ చెప్పాను. వెళ్ళాక తెలిసింది, ఊరంతా ఆయనకు తోడేనని. కిరాణా కొట్టుకి వెళితే పాల డబ్బా తీసుకుని బయటపడడానికి గంట పట్టేది.

పేషెంటు నోరు బార్లా తెరిచి ఉన్నప్పుడే ప్రశ్నలు అడగడం ఆయనకు అలవాటు. మనవరాలి పెళ్ళి ఎప్పుడు, చేలో కోత అయిందా, ఇలాంటివి.

"జవాబు చెప్పలేనప్పుడు అడుగుతావేంటి బాబాయ్" అంటే, "ఆలోచించుకోడానికి టైమ్ ఇస్తున్నానమ్మా" అనేవాడు.

అలా అడిగిన ప్రశ్నతోనే ఈ కథంతా మొదలైంది. రిసెప్షన్ ఆవిడ తండ్రి వాల్టర్ చాలా ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి. ముందు పన్నుకి తొడుగు మార్పించుకోవడానికి వచ్చాడు. అసలు పన్ను ఎలా విరిగిందని బాబాయి అడిగాడు. బంతి తగిలిందన్నాడు. ఎక్కడంటే, పనిలో అన్నాడు. ఏం పనంటే మాట మార్చాడు. చివరికి, కుర్రతనంలో మూడేళ్ళు జీతానికి బేస్‌బాల్ ఆడానని, ఎడమచేత్తో బంతి విసిరేవాణ్ణని చెప్పాడు. పెద్ద లీగ్‌లో కాదు, దాని కింద ఊరూరా తిరిగి ఆడే చిన్న లీగుల్లో.

ఆ సాయంత్రం బాబాయి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చేశాడు. "మన బస్ డ్రైవర్ ప్రొఫెషనల్ ప్లేయర్ అంటమ్మా. ఇన్నేళ్ళుగా ఆయన పళ్ళు చూస్తున్నాను, ఒక్కళ్ళూ నాకు చెప్పలేదు చూడు."

ఇక అప్పటినుంచి వచ్చిన ప్రతి వృద్ధుణ్ణీ, ప్రతి వృద్ధురాలినీ అదే అడిగాడు. మీ ఇంట్లో ఎవరైనా జీతానికి ఆడారా అని. చలికాలం వచ్చేసరికి ఆ ఊరి నుంచి వెళ్ళి ఆడినవాళ్ళు ఆరుగురు తేలారు. అందరికంటే ముందు ఆడినవాడు ఒక నల్లజాతి మనిషి. నల్లవాళ్ళను తెల్లవాళ్ళతో కలిసి ఆడనివ్వని కాలంలో, నల్లవాళ్ళ జట్టుతో దేశమంతా తిరిగాడు. ఆయన మనవరాలు అక్కడి పోస్టాఫీసులోనే పనిచేస్తోంది. ఊరి గ్రౌండ్ గోడ మీద మాత్రం ఒకే ఒక్క పేరుంది, ఆ ఆరుగురిలో పెద్ద లీగ్ దాకా వెళ్ళినవాడిది.

గోడ మీద ఆరు పేర్లూ ఉండాలని బాబాయి ఊరి కమిటీని అడిగాడు. ఆ మీటింగ్‌కి నేనూ వెళ్ళాను. కమిటీ పెద్ద ఒక రైతు, బాబాయికి పాత స్నేహితుడు. ఆయనే అడ్డు చెప్పాడు.

"డాక్టర్, ఒక్కడు పైదాకా వెళ్ళాడు. మిగతావాళ్ళు వెళ్ళలేదు. అందరి పేర్లూ రాసేస్తే ఆ ఒక్క పేరుకి ఏం విలువుంటుంది?"

బాబాయి లేచి నిలబడ్డాడు. "నేను పెద్ద సిటీలో పెద్ద హాస్పిటల్లో ఎప్పుడూ పనిచేయలేదు. అయినా నన్ను డాక్టర్ అంటున్నావు. నీ జ్ఞానదంతం పీకింది నేను కాదా?" అందరూ నవ్వారు. నవ్వులు తగ్గేదాకా ఆగి అన్నాడు: "ఆడినవాళ్ళు ఆడినట్టే. ఎంత పైకి వెళ్ళారన్నది వేరే మాట."

అప్పుడు పోస్టాఫీసు ఆవిడ కూర్చున్నచోటి నుంచే మాట్లాడింది. "మా తాత పైకి వెళ్ళలేకపోలేదు. ఆయన్ని వెళ్ళనివ్వలేదు. ఆ తేడా మీకు తెలుసనుకుంటాను."

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. రైతు అందరికంటే ఆలస్యంగా ఎత్తాడు కానీ, పేర్లు కాలక్రమంలో ఉండాలని, పోస్టాఫీసు ఆవిడ తాత పేరే మొదట రావాలని చెప్పింది ఆయనే.

వేసవిలో సభ పెట్టాలనుకున్నారు. ఆరుగురిలో బతికి ఉన్నది వాల్టర్ ఒక్కడే. ఆయనేమో రానన్నాడు. "పేరు కూడా తీసేయమంటున్నాడు నాన్న" అని కూతురు క్లినిక్‌లో కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బాబాయి నన్ను కారు తీయమన్నాడు, ఆవిడా మాతో వచ్చింది. వాల్టర్ వరండాలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే ఎందుకొచ్చామో ఆయనకు అర్థమైంది.

"మోచెయ్యి పోయింది, డాక్. టికెట్ కొనిచ్చి ఇంటికి పంపేశారు" అన్నాడు. "ఊళ్ళో బస్సు దిగితే ఒక్కరూ ఏమైందని అడగలేదు. జాలిపడి అడగలేదు. నేనా గ్రౌండ్ పక్కనుంచి కూడా వెళ్ళేవాణ్ణి కాదు, స్కూల్ బస్సుని చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవాణ్ణి. ఇప్పుడొచ్చి చప్పట్లు కొడితే వాటిని నేనేం చేసుకోను?"

బాబాయి ఆయన పక్కన కూర్చున్నాడు. అంతవరకు నాకే కాదు, మా పిన్నికి కూడా చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. గుంటూరులో చదివేటప్పుడు ఆయన యూనివర్సిటీ క్రికెట్ జట్టులో ఉన్నాడట. పన్నెండోవాడిగా. ఏడాదంతా ఆటగాళ్ళకు నీళ్ళు అందించాడు, తువ్వాళ్ళు మోశాడు. ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు.

"నేను గీత దాటి లోపలికి వెళ్ళనే లేదు. నువ్వు వెళ్ళావు. నువ్వే వచ్చి నిలబడకపోతే నాలాంటివాళ్ళం ఎవరికి చప్పట్లు కొట్టుకోవాలి?"

వాల్టర్ కుర్చీలోంచి లేచాడు. తర్వాత, "ఇంట్లో బంతేమైనా ఉందా?" అని కూతుర్ని అడిగాడు. ఆవిడ గరాజ్‌లో వెతికి తెచ్చింది. వాల్టర్ ఎడమచేతి వేళ్ళు వంకర్లు పోయి ఉన్నాయి. ఆ వేళ్ళే బంతి మీది కుట్లను తడుముతూ వాటంతటవే సర్దుకున్నాయి. వస్తానని ఆయన అనలేదు. మేమూ అడగకుండా వచ్చేశాం. వారం తర్వాత కూతురు చెప్పింది, రోజూ పొద్దున్నే గడ్డివాము షెడ్డు గోడకేసి బంతి కొడుతున్నాడని.

సభ రోజు సాయంత్రం ఊరు ఊరంతా గ్రౌండ్‌లోనే ఉంది. ఒక్కొక్క పేరూ చదివినప్పుడు వాళ్ళ కుటుంబం లేచి నిలబడింది. మొదటి పేరుకి పోస్టాఫీసు ఆవిడ, ఆవిడ పిల్లలు, చికాగో నుంచి వచ్చిన చుట్టాలు, రెండు వరసల నిండా లేచారు. వాళ్ళు కూర్చోడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే చప్పట్లు ఆగలేదు.

చివర వాల్టర్ నడిచాడు. సగం దూరంలో సున్నంతో గీత గీసి ఉంచారు, అక్కడినుంచి విసిరితే చాలని. ఆయన ఆ గీత దాటి వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి, అసలు ఆటలో బంతి విసిరే మట్టిదిబ్బ మీదే నిలబడ్డాడు. కూతురు నా చెయ్యి పట్టుకుంది. బంతి విసిరే కుర్రాళ్ళలా ఆయన కాలెత్తలేదు. భుజం మాత్రం తిప్పాడు. బంతి నిదానంగా, నేలకు తాకకుండా వెళ్ళి, హైస్కూల్ జట్టు పిల్లవాడి గ్లవ్‌లో ఠప్పున పడింది. ఆ చప్పుడు వెనక వరస దాకా వినిపించింది. తర్వాత ఇంకేమీ వినిపించలేదు, ఊరంతా ఒక్కసారే అరిచింది.

నా పక్కన బాబాయి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. గుంటూరు సినిమా హాల్లో నేల క్లాసులో వేసే ఈల. డెబ్భై దాటిన పళ్ళ డాక్టర్ అలా ఈల వేయడం చూసి రైతు కూడా నేర్చుకోబోయాడు, రాలేదు. దిబ్బ మీద వాల్టర్ టోపీ తీసి నాలుగువైపులా తిరిగాడు. చప్పట్లను ఏం చేసుకోవాలో ఆ మనిషికి బాగానే తెలిసింది.

ఇంటికి వచ్చేటప్పుడు, "హ్యాపీనా బాబాయ్?" అని అడిగాను.

"ఆకలేస్తోందమ్మా, పెసరట్టు వేస్తావా?" అన్నాడు. మూడు తిన్నాడు.

అంత్యక్రియలకు నేను వెళ్ళేసరికి ఆ ఊళ్ళో సన్నగా వాన పడుతోంది. ఆయన శవపేటిక ఉన్న కారు వెనకే నేను డ్రైవ్ చేస్తున్నాను. ముందు కారు ఊరి చివర రోడ్డు దాకా వెళ్ళి ఉన్నట్టుండి నెమ్మదించింది. రోడ్డుకి రెండువైపులా హైస్కూల్ పిల్లలు ఆట యూనిఫామ్‌లలో వరసగా నిలబడి ఉన్నారు. ఎవరు రమ్మన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. వరస చివర, కుర్చీ వేసినా కూర్చోకుండా, కూతురి భుజం పట్టుకుని వాల్టర్ నిలబడి ఉన్నాడు. కారు దగ్గరికి రాగానే అందరూ టోపీలు తీసి గుండెల మీద పెట్టుకున్నారు. మా కార్లన్నీ దాటిపోయేదాకా, వాన వాళ్ళ జుట్టు మీంచి మొహాల మీదకి కారుతున్నా, ఒక్కరూ తుడుచుకోలేదు.