మాస్టారి సబ్బుపెట్టె

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. మా పక్క ఫ్లాట్ గిటార్ మాస్టారు పోయి నెల దాటింది. సంస్మరణ సభలో చదవడానికి నాలుగు మాటలు రాసివ్వమని, శుక్రవారాలు ఆయన దగ్గరకు వచ్చే మీరంతా మా ఆయనతో కబురు పంపారు. "రోజూ చూసినదానివి, నువ్వే రాయి" అని ఆయన కాగితం నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయారు.

పెళ్ళై మస్కట్‌లో ఈ రూవి పేటకు వచ్చిన కొత్తలో నాకు హిందీ రాదు. లిఫ్టులో మనిషి కనిపిస్తే మెట్లెక్కేదాన్ని. ఒకరోజు పులుసు ఇవ్వడానికి వెళితే, మాస్టారు పెద్ద గిటార్ ఒళ్ళో పెట్టుకుని చెక్కను వేలితో కొట్టి వింటున్నారు. నాకు నవ్వొచ్చింది.

"ఎందుకమ్మాయ్ నవ్వుతున్నావ్?"

"మా ఊళ్ళో కుండ కొనేటప్పుడు అలాగే కొడతామండి."

"అయితే నువ్వూ కొట్టి చెప్పు."

కొట్టాను. కింది అంచు దగ్గర మోత తేడాగా వచ్చింది. "ఇక్కడ బీటుందండి" అన్నాను. టార్చి వేసి చూస్తే లోపలి అతుకు వెంట్రుకంత విడిపోయి ఉంది. అంత పెద్దాయన నాకు దణ్ణం పెట్టారు. "గట్టిగా మాట్లాడనోళ్ళకే బాగా వినపడుద్ది" అన్నారు. నాకు ఏదైనా వచ్చని ఒక మనిషి అనడం అదే మొదలు.

ఆ గిటార్ మీకందరికీ తెలుసు. ఎండు ఖర్జూరం రంగు, లోపలంతా బోలు, పైన రెండు వంపు చీలికలు. దాని తీగ ఒక్కటి మీటి మీరు కళ్ళు మూసుకునేవారు. మోత ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టి వాదించుకునేవారు. నేను టీ గ్లాసులు పెట్టి వచ్చేసేదాన్ని. "బోలుగా ఉన్నదే మోగుద్దమ్మాయ్, నిండు చెక్క బల్లకే పనికొస్తది" అని మాస్టారు నాతో అనేవారు.

ఒక సంగతి మాత్రం మీకు తెలియదు. ఇక్కడ ఏసీ ఆగకుండా తిరుగుతుంది. ఆ గాలికి పెదాలు పగిలినట్టే చెక్కా పగులుతుంది. అందుకే ఆయన ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టెకు సూదితో చిల్లులు పొడిచి, అందులో తడి స్పాంజి ఉంచి, గిటార్ పెట్టెలో మెడ కింద పెట్టేవారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని నాకిచ్చారు. "తడి ఉండాలి, చుక్క పడకూడదు" అని నాతో పదిసార్లు పిండించి చూశారు.

ఆస్పత్రిలో పదకొండు రోజులున్నారు. మీలో ఇద్దరు ఒక్కసారి వచ్చి, నిలబడే మాట్లాడి వెళ్ళారు. నేను గంజి పట్టిస్తుంటే ఆయన అన్నారు, "పెద్ద గిటార్ నీదే. వాయించక్కర్లేదు. స్పాంజి ఎండనివ్వకు." పక్కన ఎవరూ లేరు.

ఆయన్ని విమానంలో ఊరికి పంపిన వారానికి మీరు ముగ్గురు గిటార్ల కోసం వచ్చారు. తాళం చెవి నా దగ్గరుంది. "ఆ పెద్దది నాకిస్తానన్నారండీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మీలో ఒకాయనకు వినపడింది.

"నీకెందుకు చెల్లె అది? కిచెన్‌ల పెట్టి పోపు వాసన పట్టిస్తవా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నేల చూస్తూ నవ్వారు.

నేను లోపలికి వెళ్ళి గిటార్ పెట్టె తెరిచి, సబ్బుపెట్టె తీసి కొంగు చాటున దాచుకున్నాను. అప్పుడు గిటార్ తెచ్చి ఇచ్చాను. ఇన్నేళ్ళు ఆ గిటార్‌ని ప్రేమించిన మీలో ఒక్కరూ ఈ ఏసీ గాలికి దాన్నెలా కాపాడాలని అడగలేదు.

పోయిన వారం ఆ పోపు మాట అన్నాయనే ఫోన్ చేశారు. "గిటార్‌ల ఏందో గరగర అంటున్నది చెల్లె. మాస్టర్ అండ్ల ఏమన్న పెడుతుండెనా?"

"నాకేం తెలుసన్నా, పోపు పెట్టుకునేదాన్ని" అన్నాను.

ఆ మాట అన్నాక కాసేపు హాయిగా ఉంది. తర్వాత అన్నం దిగలేదు. గరగర అంటే అప్పుడు మాస్టారు జిగురు పెట్టిన ఆ పాత అతుకే మళ్ళీ విడుతోంది. ఇప్పుడు జిగురు పెడితే నిలుస్తుంది. ఆలస్యమైతే బీట పై చెక్క దాకా పాకుతుంది, ఆ మోత ఇక రాదు. మీ మీద కోపం పోలేదు. కానీ నేను మాటిచ్చింది మీకు కాదు.

ఇది సభలో చదవకండి. మా ఆయనకు సబ్బుపెట్టె సంగతి తెలియదు. చదివిన వెంటనే కాల్చేయండి. కాల్చే ముందు మాత్రం ఎవరో ఒకరు వచ్చి సబ్బుపెట్టె పట్టుకెళ్ళి గిటార్ పెట్టెలో పెట్టండి. మాస్టారి మూసిన తలుపు గొళ్ళేనికి చిన్న సంచిలో వేలాడదీశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్పాంజి తడిపి, పిండి, మళ్ళీ పెడుతున్నాను. ఇంతవరకు గుమ్మం మీద ఒక్క చుక్క పడలేదు.